తెలిసినదీ చేసేదీ: ప్రజారోగ్యంలో ప్రవర్తనాశాస్త్రం – చిత్తూరు ‘సూపర్ అమ్మ’ ప్రయోగ పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆరోగ్యానికి ఏది మేలో తెలిసి కూడా దానిని ఆచరించకపోవడం ప్రజారోగ్య రంగంలో చాలాకాలంగా ఉన్న సమస్య. జ్ఞానానికీ ఆచరణకూ నడుమ ఉన్న ఈ ఎడాన్ని పూడ్చడానికి ప్రవర్తనాశాస్త్రం చేస్తున్న యత్నాలను, చిత్తూరు జిల్లా గ్రామాలలో చేతుల శుభ్రతపై జరిగిన ‘సూపర్ అమ్మ’ ప్రయోగం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ ప్రయోగం ఉపయోగించుకొన్న జుగుప్సాభావాన్ని అలంకారశాస్త్ర దృష్టితోను, అంటు, మైల వంటి సామాజిక భావనల నేపథ్యంలోను పరిశీలిస్తుంది. ఆరోగ్య సందేశాల తెలుగు వాక్యనిర్మాణాన్ని చర్చించి, వ్యక్తి ప్రవర్తనను మాత్రమే లక్ష్యంగా చేసుకొనే పద్ధతికున్న హద్దులను నెల్లూరు సారా వ్యతిరేకోద్యమం వెలుగులో చూపుతుంది.

కీలకపదాలు: ప్రవర్తనాశాస్త్రం, ప్రజారోగ్యం, సూపర్ అమ్మ, జుగుప్స, సామాజిక ప్రమాణం, ఆరోగ్య సందేశ భాష, సారా వ్యతిరేకోద్యమం.

1. ఉపోద్ఘాతం:

పొగాకు ప్రాణం తీస్తుందని ఎరుగని ధూమపాయి ఈనాడు దాదాపు లేడు. మన దేశంలో 2016 ఏప్రిల్ నుండి సిగరెట్ పెట్టె ముఖభాగంలో 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నియమం అమలులో ఉంది. ఆ బొమ్మను చూస్తూనే పెట్టె తెరిచేవారు ఉన్నారు. మధుమేహం ఉన్న పెద్దమనిషి పెళ్ళి పంక్తిలో మిఠాయిని వద్దనలేడు. రక్తపోటు మాత్రలు కొని తెచ్చుకొన్న మనిషే వాటిని వేసుకోవడం మరిచిపోతాడు. వీరందరికీ లోపించినది సమాచారం కాదు. అయినప్పటికీ ఆరోగ్యశాఖల ప్రచారంలో అత్యధిక భాగం ఇప్పటికీ సమాచారం అందించడమే. తెలియజేస్తే చాలు, తెలిసినవాడు మారతాడన్న నమ్మకం దాని పునాది. తెలుగులో నీతి శతకాల నుండి గోడమీది నినాదాల దాకా సాగిన ఉపదేశ సంప్రదాయం కూడా ఈ నమ్మకంపైనే నిలిచింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనే సామెత ఈ సంప్రదాయం మీద లోకం చేసిన విమర్శ అనుకోవచ్చు.

మనుషులు నిజంగా ఏ పరిస్థితులలో ఏ పని చేస్తారో, ఎందుకు చేస్తారో గమనించి, ఆ గమనిక ఆధారంగా పరిస్థితులను మార్చి, మార్పును కొలిచే విద్య ప్రవర్తనాశాస్త్రం. మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం, మానవశాస్త్రం ఇందులో కలిసి పనిచేస్తాయి. 2008లో రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ రాసిన ‘నడ్జ్’ అనే పుస్తకంతో ఈ ఆలోచన ప్రభుత్వాల దాకా చేరింది. పక్కనున్న మనిషిని మోచేతితో మెల్లగా తాకి దారి చూపడమని ఆ మాటకు అర్థం. బలవంతం చేయకుండా, నిషేధించకుండా, ఎంపికలు ఎదుటపడే తీరును మార్చి మంచి ఎంపికను సులువు చేయడం దాని సారం. 2010లో బ్రిటన్ ప్రభుత్వం ఇందుకోసం ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసింది. 2019 జులైలో వెలువడిన భారత ఆర్థిక సర్వే ఈ అంశానికి ఒక అధ్యాయాన్నే కేటాయించింది. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ప్రవర్తనాశాస్త్రాల వినియోగంపై తీర్మానం ఆమోదించింది.

సుసాన్ మికీ, ఆమె సహచరులు 2011లో ప్రతిపాదించిన నమూనా ఈ రంగంలో తరచుగా ఉదాహృతమవుతుంది. దాని ప్రకారం ఒక పని జరగాలంటే మనిషికి సామర్థ్యం, అవకాశం, ప్రేరణ అనే మూడూ ఉండాలి. ఉపదేశం మొదటిదానిని మాత్రమే, అదీ కొంతవరకే, అందించగలదు. మిగిలిన రెండింటి సంగతి ఎలా తేల్చాలన్న ప్రశ్నకు తెలుగు నేలమీదే ఒక సమాధానం దొరికింది. తెలుగు పరిశోధకుల దృష్టికి అది తగినంతగా రాలేదు.

2. చిత్తూరు పల్లెలలో ‘సూపర్ అమ్మ’:

సబ్బుతో చేతులు కడుక్కోవడం అతి చవకైన ఆరోగ్యరక్షణ. అతిసారం, శ్వాసకోశ వ్యాధులు పిల్లల ప్రాణాలు తీయకుండా చాలావరకు అది అడ్డుకోగలదు. సబ్బు లేని ఇల్లు పల్లెలలో కూడా అరుదే. స్నానానికి, బట్టలకు సబ్బు వాడతారు. భోజనానికి ముందు చేతిమీద కాసిని నీళ్ళు పోసుకోవడమూ మన ఆచారమే. కాని ఆ నీళ్ళకు సబ్బు తోడు కావడం మాత్రం అరుదు.

లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌కు చెందిన వాల్ కర్టిస్, రాబర్ట్ ఆంగర్, ఆడమ్ బిరాన్ తదితరులు భారతీయ సహపరిశోధకులతో కలిసి 2011–12లో చిత్తూరు జిల్లాలోని 14 గ్రామాలలో ఒక ప్రయోగం నిర్వహించారు. దాని ఫలితాలు 2014లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో వెలువడ్డాయి. గ్రామాలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించారు. ఏడింటిలో ప్రచార కార్యక్రమం జరిగింది. తక్కిన ఏడు పోలికకోసం ఉంచినవి.

ఈ కార్యక్రమంలో సూక్ష్మక్రిముల ప్రస్తావన, వ్యాధుల జాబితా, వైద్యుల హెచ్చరిక లేవు. ప్రచార రచన యావత్తూ కొన్ని భావాల చుట్టూ అల్లుకొన్నది. మలినం పట్ల జుగుప్స, బిడ్డను తీర్చిదిద్దాలన్న తల్లి తపన, నలుగురిలో ఒకరుగా ఉండాలన్న కోరిక అందులో ముఖ్యమైనవి. ‘సూపర్ అమ్మ’ ఒక చలనచిత్ర కథానాయిక. ముందుచూపుగల పల్లెటూరి తల్లి. కొడుక్కి మంచి నడవడి నేర్పుతుంది. సబ్బుతో చేయి కడుక్కోవడం ఆ నడవడిలో ఒక భాగంగా కనబడుతుందే తప్ప ఆరోగ్య సూత్రంగా కాదు. ఆమెకు ఎదురుగా ‘లడ్డు లింగం’ అనే హాస్యపాత్ర నిలుస్తుంది. శుచీశుభ్రమూ ఎరుగని ఈ మిఠాయి మనిషి మట్టి, పురుగులు కలిపి లడ్డూలు చుట్టి జనానికి పెట్టబోతాడు. గ్రామంలోను, బడిలోను ప్రదర్శనలు జరిగాయి. స్త్రీలు ఊరి ఎదుట ప్రతిజ్ఞలు చేశారు.

ఫలితాన్ని కొలిచిన తీరు కూడా గమనించదగినది. ‘మీరు సబ్బుతో చేతులు కడుక్కుంటారా?’ అని అడిగితే ఎవరైనా ఔననే అంటారు. అందువల్ల పరిశోధకులు ప్రశ్నావళిని నమ్ముకోలేదు. పరిశీలకులు ఇళ్ళలో కూర్చొని, తాము చూస్తున్నది చేతుల శుభ్రతనే అని చెప్పకుండా, మలవిసర్జన తరువాత, బిడ్డకు ముడ్డి కడిగిన తరువాత, అన్నం ముట్టుకొనే ముందు సబ్బు వాడారో లేదో నమోదు చేశారు. ప్రచారానికి ముందు ఇలాంటి ముఖ్య సందర్భాలలో సబ్బు వాడకం ఒక వర్గం గ్రామాలలో 1 శాతం, రెండవ వర్గంలో 2 శాతం. ప్రచారం ముగిసిన ఆరు వారాలకు ప్రచారం జరిగిన గ్రామాలలో 19 శాతం, జరగని గ్రామాలలో 4 శాతం. ఆరు నెలలకు అది 37 శాతం, 6 శాతం. ఆ తరువాత రెండవ వర్గం గ్రామాలకు కూడా ప్రచారాన్ని కుదించిన రూపంలో అందించారు. ఏడాది చివర రెండు వర్గాలలోనూ 29 శాతం నమోదయింది.

ఈ అంకెలలో ఆశ్చర్యపరిచేది మొదటి పెరుగుదల కాదు. మామూలుగా ప్రచారం ఆగగానే ప్రభావం కరిగిపోతుంది. ఇక్కడ ఆరు వారాలకన్నా ఆరు నెలలకు అది పెరిగింది. ఒక ఇంట కనబడిన పని పక్క ఇంటికి పాకి, ఊరి పద్ధతిగా మారుతున్నదనడానికి ఇది సూచన కావచ్చు. అయితే నూటికి అరవైకి పైగా సందర్భాలలో సబ్బు వాడలేదన్నదీ నిజమే. వ్యాధులు తగ్గాయా అన్నది ఈ ప్రయోగం కొలవలేదు. అది కొలిచినది ప్రవర్తనను మాత్రమే.

3. జుగుప్స – రసదృష్టి:

‘లడ్డు లింగం’ పాత్రను తెలుగు సాహిత్య విద్యార్థి చూడగానే బీభత్సరసం గుర్తుకు రావడం సహజం. బీభత్సానికి స్థాయిభావం జుగుప్స. భరతుడు నాట్యశాస్త్రంలో దీనిని క్షోభజమనీ ఉద్వేగి అనీ విభజించాడు. రుధిరాదులవల్ల కలిగేది మొదటిది, మలము, క్రిముల వల్ల కలిగేది రెండవది. ఆధునిక పరిశోధకులు వ్యాధినుండి దూరంగా ఉంచేందుకు పరిణామక్రమంలో ఏర్పడిన సహజ రక్షణగా జుగుప్సను వివరిస్తారు. వారు చూపే ఉద్దీపకాలు సరిగ్గా ఈ రెండవ వర్గానివే. వాల్ కర్టిస్ తన పరిశోధనా జీవితంలో అధిక భాగాన్ని ఈ ఒక్క భావాన్ని అర్థం చేసుకోవడానికి వెచ్చించారు. మలమూ పురుగులూ ఒకే భావాన్ని రేపుతాయని గుర్తించి దానికొక పేరు పెట్టిన పని భారతీయ అలంకారశాస్త్రంలో ఏనాడో జరిగింది. వాటి నుండి వ్యాధి వస్తుందన్న వివరణ మాత్రం అక్కడ లేదు. రెండింటినీ ఒకటిగా చూపి పొంగిపోవలసిన అవసరం లేదు.

ఇంతకన్నా ఆసక్తికరమైన సంగతి రసాల జోడింపు. భరతుని లెక్కలో బీభత్సం నుండి పుట్టేది భయానకం. ప్రభుత్వ ఆరోగ్య ప్రచారం ఇప్పటికీ ఈ జంటనే నమ్ముకొన్నది. కుళ్ళిన దవడ, నల్లబడిన ఊపిరితిత్తి, వెనుక గంభీరమైన కంఠం. చిత్తూరు ప్రచారం బీభత్సాన్ని హాస్యంతో జతచేసింది. జనం లింగాన్ని చూసి నవ్వారు, ఆ నవ్వులోనే అతని లడ్డూను అసహ్యించుకొన్నారు. భయపెట్టిన సందేశం నుండి మనిషి ముఖం తిప్పుకొంటాడు. నవ్వించిన దానిని ఇంటికి మోసుకుపోయి మరొకరికి చెబుతాడు. భయానకం అతిగా పునరుక్తమైతే ఏమవుతుందో తెలుగు ప్రేక్షకులకు అనుభవమే. సినిమాహాళ్ళలో ఏళ్ళ తరబడి వినబడిన పొగాకు వ్యతిరేక ప్రకటనలోని తొలి మాటలు ‘ఈ నగరానికి ఏమైంది’ 2018లో ఒక హాస్య చిత్రానికి పేరయ్యాయి. హెచ్చరిక గుర్తుండిపోయింది, కాని హాస్యంగా.

కావ్యగతమైన జుగుప్సకూ ప్రచారగతమైన జుగుప్సకూ ఒక ముఖ్య భేదముంది. నాటకంలో రసానుభవం నాటకంతోనే ముగియవచ్చు, ముగియాలి కూడా. ప్రచారంలో అది మర్నాడు వంటింట్లో, చేతికి అన్నం తగిలే క్షణంలో తిరిగి పుట్టాలి. బహుశా అందుకే రచయితలు లడ్డూను ఎంచుకొని ఉంటారు. అది పండుగకూ శుభకార్యానికీ ఇంట కనబడే వస్తువు, చేత్తో చుట్టేది, ఒకరి చేతినుండి ఇంకొకరి నోటికి వెళ్ళేది.

4. అంటు, మైల, అసహ్యం:

జుగుప్సను సాధనంగా వాడుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. తెలుగు సమాజంలో ఆ ప్రమాదం పదకోశంలోనే దాగి ఉంది. ‘అంటు’ అనే ధాతువుకు తాకడమని అర్థం. అంటువ్యాధి, అంటరానితనం అనే రెండు మాటలూ దాని నుండే ఏర్పడ్డాయి. ఒకటి వైద్యానిది, రెండవది శతాబ్దాల అన్యాయానిది. మడి, మైల, ఎంగిలి అనే మాటలు శుభ్రతను సూచిస్తున్నట్లే కనబడతాయి. వాటి కొలత మాత్రం క్రిములతో కాదు, మనుషుల మధ్య దూరంతో. మడి కట్టుకొన్న చేతికి సబ్బు తగిలి ఉండనక్కరలేదు. సబ్బుతో కడిగిన చేయి మైలదిగా పరిగణింపబడవచ్చు. కాబట్టి ‘మన పెద్దల ఆచారాలన్నీ శుభ్రతా సూత్రాలే’ అని చెప్పే వ్యాసాలను కొంత జాగ్రత్తతో చదవాలి.

జుగుప్స కులవ్యవస్థతో ఎంతగా పెనవేసుకొన్నదో మరుగుదొడ్ల విషయంలో స్పష్టమవుతుంది. డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ ఉత్తర భారత గ్రామాలలో చేసిన పరిశోధనను 2017లో పుస్తకంగా వెలువరించారు. ప్రభుత్వం కట్టించే చిన్న గుంటల మరుగుదొడ్లను జనం వాడకపోవడానికి పేదరికం, నీటికొరత, చదువులేమి ప్రధాన కారణాలు కావని వారు వాదించారు. గుంట నిండితే దానిని ఎవరు ఖాళీ చేయాలన్నదే అసలు ప్రశ్న. ఆ పని అంటరానితనంతో ముడిపడి ఉండడంతో ఇతర కులాలవారు దానిని చేయరు. ఆ పనిని తరతరాలుగా మోసినవారు ఇకపై చేయబోమంటున్నారు, అనడం న్యాయం కూడా. ఈ సంగతి గుర్తించకుండా ‘బహిరంగ విసర్జన సిగ్గుచేటు’ అని ఎన్ని గోడలమీద రాసినా ప్రయోజనం స్వల్పమే. పైగా కొన్ని ప్రాంతాలలో బయలుకు వెళ్ళేవారి వెంటపడి ఈలలు ఊదడం, అవమానించడం ప్రచార పద్ధతులుగా చలామణి అయ్యాయి. మరుగుదొడ్డి కట్టుకొనే చోటు లేనివారే ఆ అవమానానికి ఎక్కువగా గురి అయ్యేది.

ఈ దృష్టితో చూస్తే చిత్తూరు ప్రచారం కొంత మెలకువగా నడిచిందనవచ్చు. అసహ్యం లింగం చేసే పని మీద నిలుస్తుంది. అది ఒక కల్పిత విదూషకుడి చేష్ట, ఏ వాడకూ వృత్తికీ చెందినది కాదు. జుగుప్స చేష్టను అంటిపెట్టుకొని ఉన్నంతవరకే అది ప్రజారోగ్య సాధనం. ఆ ప్రచారంలో ప్రశ్నించవలసిన అంశం వేరొకటి ఉంది. కథానాయిక పేరులోనే ‘అమ్మ’ ఉన్నది. బిడ్డ శుభ్రత, ఇంటి శుభ్రత, రేపటి పౌరుడి నడవడి యావత్తూ తల్లి భుజాలమీదే మోపబడింది. ఉన్న భావాలను వాడుకోవడం ప్రవర్తనాశాస్త్రం బలం. ఆ భావాల వెనుకనున్న అసమానతను కూడా అది అలాగే వాడుకొంటుంది.

5. ‘నలుగురు’ అనే ప్రమాణం:

సామాజిక ప్రమాణం అనే పారిభాషిక పదానికి తెలుగులో అంతకన్నా చక్కని మాట ‘నలుగురు’. నలుగురితో నారాయణా అన్నప్పుడు అది అందరూ చేసేది తానూ చేయడం. నలుగురూ నవ్వుతారు అన్నప్పుడు అది అందరూ మెచ్చేది, మెచ్చనిది తెలిసి మసలుకోవడం. మనస్తత్వవేత్తలు వర్ణనాత్మక ప్రమాణం, విధాయక ప్రమాణం అని విడదీసే రెండింటినీ తెలుగువారు ఒక్క సంఖ్యావాచకంలో ఇమిడ్చారు.

ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే సందేశం ఎదురుతిరుగుతుంది. అమెరికాలోని అరిజోనాలో శిలాభూతమైన ప్రాచీన వృక్షాల జాతీయ ఉద్యానవనం ఉంది. అక్కడి రాతికొయ్య ముక్కలను సందర్శకులు పట్టుకుపోతుంటారు. రాబర్ట్ చాల్డీని బృందం అక్కడ వేర్వేరు సూచనలను పరీక్షించింది. ‘గతంలో ఎందరో సందర్శకులు కొయ్యను తీసుకువెళ్ళారు’ అని వాపోయిన బోర్డు, కేవలం తీసుకువెళ్ళవద్దని కోరిన బోర్డుకన్నా దొంగతనాన్ని పెంచింది. ఎందరో చేస్తున్నారన్న వార్త అనుమతిగా వినబడింది. మన ప్రచారాలలో ‘ఇంకా ఇంతమంది టీకా వేయించుకోలేదు’, ‘అధిక శాతం చేతులు కడుక్కోవడం లేదు’ అన్న వాక్యాలు కొల్లలు. అవి బాధతో రాసినవే, కాని వినేవాడికి నలుగురి జాడ చూపుతాయి.

6. సందేశ వాక్యం – తెలుగు వ్యాకరణం:

ఆరోగ్య సందేశాల తెలుగులో సింహభాగం రెండు రకాల వాక్యాలది. మొదటిది నిషేధం: ఉమ్మివేయరాదు, పొగత్రాగరాదు, చెత్త వేయరాదు. ఇందులో కర్త లేడు, కాబట్టి అది తనకు వర్తిస్తుందని ఎవరూ అనుకోరు. ‘ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు’ అన్న గోడలకిందే ఆ పని జరగడం తెలిసినదే. ఆ గోడల యజమానులు విసిగి దేవుళ్ళ బొమ్మల పలకలు అతికించడం మొదలుపెట్టారు. ఏ శాస్త్రమూ చదవని సామాన్యులు అక్షరాన్ని విడిచి పరిస్థితిని మార్చిన సందర్భం అది. రెండవది విధి: కడుక్కోండి, వేయించుకోండి, పాటించండి. ఇందులో చెప్పేవాడు బయటనుండి మాట్లాడుతాడు.

తెలుగులో మూడవ దారి ఉన్నది. వినేవాడిని కలుపుకొనే ‘మనం’, కలుపుకొనని ‘మేము’ అనే భేదం ఇంగ్లీషుకు లేదు, తెలుగుకు ఉంది. ‘కడుక్కుందాం’ అన్న క్రియ ఆ ‘మనం’ను తనలోనే మోస్తుంది. ‘మన ఊళ్ళో కడుక్కునే తింటాం’ అన్నప్పుడు ఆజ్ఞ మాయమై ప్రమాణం నిలుస్తుంది. ఇంగ్లీషులో తయారైన సందేశాలను అనువదించి అచ్చువేసే కార్యాలయాలలో ఈ భేదం సాధారణంగా పోతుంది. మాటల చిన్న తేడాకు నిజంగా విలువ ఉందా అన్న సందేహానికి అమెరికాలో కాథరీన్ మిల్క్‌మన్, ఆమె సహచరులు 2021లో ప్రకటించిన పరిశోధన కొంత సమాధానమిస్తుంది. డాక్టరును కలవడానికి సమయం తీసుకొన్న 47 వేలకు పైగా రోగులకు ఫ్లూ టీకా గురించి 19 రకాల ఫోను సందేశాలు పంపి పోల్చారు. సందేశాలు మొత్తంమీద టీకా వేయించుకొనేవారి సంఖ్యను సగటున 5 శాతం పెంచాయి. ‘మీ టీకా మీకోసం కేటాయించి ఉంచాం’ అన్న భావంతో రెండుసార్లు గుర్తుచేసిన సందేశం 11 శాతం పెంచింది. మేలు ఏమిటో అది వివరించలేదు, సొంతమన్న భావాన్ని మాత్రమే కలిగించింది. కడుక్కొను, వేయించుకొను అనే ఆత్మార్థక క్రియలలో తెలుగుకు ఈ సొంతం సహజంగానే లభిస్తుంది. తెలుగు రూపాలను ఇదే పద్ధతిలో పల్లెలోనో ఆసుపత్రి ఆవరణలోనో పరీక్షించి చూడడం భాషాశాస్త్ర, తెలుగు శాఖల పరిశోధకులకు అందుబాటులో ఉన్న పనే.

7. దూరం, పప్పు, పళ్ళెం:

మాటలతో నిమిత్తం లేకుండా కేవలం అవకాశాన్ని మార్చడం వల్ల ఏమవుతుందో చూపిన భారతీయ ప్రయోగం రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు సేవా మందిర్ సంస్థతో కలిసి 134 గ్రామాలలో దీనిని నిర్వహించి 2010లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ప్రకటించారు. ఏ మార్పూ చేయని గ్రామాలలో 1–3 ఏళ్ళ పిల్లలలో పూర్తి టీకాలు అందినవారు 6 శాతం. నెలనెలా తప్పక టీకా శిబిరం జరిగిన గ్రామాలలో 18 శాతం. శిబిరంతోపాటు ప్రతి టీకాకు కిలో పప్పు, అన్నీ పూర్తయితే భోజన పళ్ళేలు ఇచ్చిన గ్రామాలలో 39 శాతం. పప్పు పంచినందువల్ల ఖర్చు పెరగలేదు సరికదా, పూర్తిగా టీకాలు అందిన ఒక్కో బిడ్డకు అయిన వ్యయం దాదాపు సగానికి తగ్గింది. శిబిరానికి వచ్చిన నర్సు ఒక బిడ్డకు బదులు పలువురికి టీకా వేయగలగడమే దీనికి కారణం.

తల్లిదండ్రులు టీకాలను వ్యతిరేకించినట్లయితే కిలో పప్పుకు వారు లొంగేవారు కారు. వారిది వ్యతిరేకత కాదు, వాయిదా. ఈరోజు కూలి పోతుంది, ప్రయోజనం ఎప్పుడో, కనబడదు. చేతికందిన పప్పు ఆ వాయిదాకు ఈనాడే విలువ కట్టింది.

8. వ్యక్తికి ఆవల – నెల్లూరు పాఠం:

ప్రవర్తనాశాస్త్రం సాధించినవాటిని లెక్కించేటప్పుడు అంకెల విషయంలో నిగ్రహం అవసరం. స్టెఫానో డెల్లావిగ్నా, ఎలిజబెత్ లినోస్ 2022లో రెండు రకాల ప్రయోగాలను పోల్చారు. విద్యాపత్రికలలో అచ్చయిన నడ్జ్ ప్రయోగాల సగటు ప్రభావం 8.7 శాతాంశాలు. అమెరికాలోని రెండు పెద్ద సంస్థలు ప్రభుత్వాలకోసం నిర్వహించిన 126 ప్రయోగాలలో అది 1.4 శాతాంశాలు. విజయవంతమైన ప్రయోగాలే అచ్చుకు నోచుకోవడం ఈ తేడాకు ప్రధాన కారణమని వారు గుర్తించారు. అదే ఏడాది నిక్ చేటర్, జార్జ్ లోవెన్‌స్టీన్ మరింత మౌలికమైన అభ్యంతరం లేవనెత్తారు. వ్యక్తిని సవరించే పనిలో పడి, ఆ వ్యక్తిని అలా నడిపిస్తున్న వ్యవస్థను మార్చే పనిని పరిశోధకులు పక్కన పెట్టారనీ, ఇది కంపెనీలకు అనుకూలించిందనీ వారి వాదం. ఆ ఇద్దరూ నడ్జ్ రంగంలోనే పనిచేసినవారు కావడంతో ఈ విమర్శకు బరువు పెరిగింది.

ఈ అభ్యంతరం తెలుగువారికి కొత్తది కాకూడదు. 1980ల ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సారా ‘వారుణివాహిని’ పేరుతో ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. నేటి పరిభాషలో చెప్పాలంటే, అది మంచిదానిని సులువు చేసే సూత్రాన్ని తలకిందులుగా అమలుచేసిన పథకం. చిన్న మొత్తం, చేతికందే దూరం, జేబులో పట్టే పొట్లం. తాగుడు హానికరమని తెలియనివారు అప్పుడూ లేరు.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ప్రారంభమైంది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు ‘చదువు వెలుగు’ వాచకంలో ‘సీతమ్మ కథ’ చదివారు. తాగుడు కూల్చిన సంసారం కథ అది. ఆ పాఠం వారికి కొత్త సమాచారమేమీ ఇవ్వలేదు. తమ ఇంటి బాధ ఊరి బాధ అని తోటివారితో కలిసి చదివి తెలుసుకొనే చోటును ఇచ్చింది. దూబగుంట స్త్రీలు తమ మగవారికి నీతి బోధిస్తూ కూర్చోలేదు. సారా దుకాణాన్ని మూయించారు. వారి విజయం ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే మరో పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలను స్త్రీలు అడ్డుకొన్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆదాయం లోటు, దొంగసారా, అక్రమ రవాణా కారణాలుగా చూపి 1997లో దానిని సడలించారు.

నెల్లూరు కథలో చిత్తూరు ప్రయోగంలోని మూలకాలన్నీ కనబడతాయి. కథ, ప్రదర్శన, తల్లి, నలుగురి ఎదుట నిర్ణయం అక్కడా ఉన్నాయి. భేదమల్లా గురిలో ఉంది. చిత్తూరులో మారవలసినది కడుక్కొనే చేయి. నెల్లూరులో స్త్రీలు తాగేవాడి చేతిని వదిలి, ఆ చేతికి పొట్లం అందించిన ఏర్పాటును పట్టుకొన్నారు. చిత్తూరులో పాఠ్యాన్ని నిపుణులు రచించారు, ఊరు దానిని స్వీకరించింది. నెల్లూరులో ఊరు చేసిన పనినే పాఠ్యంగా మార్చి అచ్చువేశారు. ప్రయోగ పద్ధతికి మొదటిది చక్కగా లొంగుతుంది, ఎందుకంటే ఏడు గ్రామాలకు ఇచ్చి ఏడింటికి ఆపవచ్చు. రెండవదానిని అలా విభజించి కొలవడం సాధ్యం కాదు. కొలవగలిగినవే సాక్ష్యాలుగా చెల్లే చోట దూబగుంట వంటి అనుభవాలు ఆరోగ్యశాస్త్ర గ్రంథాలకు ఎక్కవు. సామాజిక ఉద్యమ చరిత్రలోనే మిగిలిపోతాయి. అక్షరాస్యతా వాచకాలు, కళాజాతా పాటలు, ప్రదర్శన పాఠ్యాలు, నాటి కరపత్రాలు ఏ గ్రంథాలయంలో ఎంతమేరకు భద్రంగా ఉన్నాయో లెక్క తీయడంతో ఆ లోటును పూరించే పని మొదలుకావచ్చు. ఆ రాత్రి బడులలో కూర్చొని చదివినవారిలో ఇప్పటికీ జ్ఞాపకం చెప్పగలవారు ఉన్నారు. వారి వయసు దృష్ట్యా ఈ సేకరణకు ఎక్కువ వ్యవధి లేదు.